జోగారావు వదలని గొలుసు

నేను ఒక చైన్ కప్పీని. ఐదు టన్నుల బరువు ఎత్తుతానని నా వీపు మీద అచ్చు పోసి ఉంది. కథలు చెప్పేవాళ్ళు పుట్టుకతో మొదలుపెడతారు. నేను పిలక ఖగేశ్వరరావుతో మొదలుపెడతాను. ఆ పేరు ముందు కక్కేస్తే తప్ప నా లోపల చక్రాలు తిరగవు. సోంపేట పక్క మనిషి. ఇస్త్రీ చొక్కా, చేతిలో రెండు ఫోన్లు, సబ్ కాంట్రాక్టు వ్యాపారం. పన్నెండు వేల అడుగుల ఎత్తులో, ఊపిరి అందని కొండ మీద మావాళ్ళను పనికి దింపి, తను మాత్రం దిగువన గాలి పుష్కలంగా ఆడే పట్నంలో లాడ్జీ గదిలో కూర్చున్నాడు. చలికి గట్టిపడని పల్చటి నూనె ఒక డబ్బా పంపమని మా మేస్త్రీ ఆరుసార్లు ఫోన్ చేస్తే, ఆరుసార్లూ "లారీలో ఎక్కించేశాను" అన్నాడు. ఆ లారీ ఇంకా దారిలోనే ఉంది. డబ్బా వచ్చి ఉంటే నేను ఇవాళ ఈ గోడకు వేలాడుతూ ఉండేదాన్ని కాదు. మా మేస్త్రీ తామాడ దాలయ్య తన తోటలో ఉండేవాడు.

తప్పంతా ఖగేశ్వరరావుదే అని చెప్పగలిగితే నాకు సుఖంగా ఉండేది. చెప్పలేను. ఎందుకో మీకే తెలుస్తుంది.

నేను పుట్టింది లూధియానా పక్కన ఒక రేకుల షెడ్డులో. అక్కడ ప్రతి కప్పీకీ మూడు పరీక్షలు పెట్టాలి. సగం బరువు కట్టి ఒకటి, నిండు బరువు కట్టి ఒకటి, దానిపైన ఇంకొంత కట్టి ఒకటి. నాకు ఒక్కటే అయింది. ఈలోగా లారీ వచ్చింది. యజమాని మిగతా రెండింటికీ కాగితం మీద టిక్కులు కొట్టి నన్ను ఎక్కించేశాడు. బడి మధ్యలో మానిపించిన పిల్లల్లాగే మిగతా పాఠాలు నేను బరువుల కింద నేర్చుకున్నాను.

నా పని చూడటానికి చిన్నది. పైన ఒక కొక్కెం, కింద ఒక కొక్కెం, రెండు గొలుసులు. సన్న గొలుసు మనిషి లాగేది, లావు గొలుసు బరువు మోసేది. మనిషి బారలు బారలుగా లాగితే బరువు వేలెడంత లేస్తుంది. అతను అలిసిపోయి చెయ్యి ఆపినప్పుడు బరువు కిందికి జారకుండా పట్టేది నా కడుపులో ఉన్న చిన్న ఇనుప నాలుక. పళ్ళచక్రం తిరుగుతుంటే అది ఒక్కో పంటి మీదా టిక్కు టిక్కుమని పడుతూ పోతుంది. ఆ నాలుక పంటిసందులో కూర్చున్నంతసేపూ ఎంత బరువైనా నిలబడుతుంది. కొన్ని కప్పీలకు రెండు నాలుకలుంటాయి. నాకు ఒకటే పెట్టారు.

మొదట గాజువాకలో ఒక వర్క్‌షాపులో చేరాను. లారీ ఇంజన్లు ఎత్తేదాన్ని. అక్కడి యజమాని శుక్రవారం శుక్రవారం నా కింద నిలబడి సాంబ్రాణి వేసేవాడు. నా కిందే నిలబడి పనివాళ్ళను తిట్టేవాడు. ఇంజను వేలాడుతున్నప్పుడు మాత్రం ఎప్పుడూ నా కింద నిలబడలేదు. మనుషుల భక్తికి హద్దు ఎక్కడుంటుందో అక్కడ తెలిసింది. అతని వ్యాపారం మునిగాక తుక్కు కొట్టుకు చేరి రెండు వానాకాలాలు తడిశాను.

అక్కడ నన్ను చూసినవాడు దాలయ్య. ఉద్దానం మనిషి. ఐదో తరగతిలో బడి మాని, మీసాలు రాకముందే పైపులైను పనులకు రైలెక్కాడు. రిగ్గరు, అంటే బరువులు ఎత్తించి దించే పనివాడు. ఆ పక్క ఊళ్ళ నుంచి అలా వెళ్ళినవాళ్ళు దేశమంతా ఉన్నారు. వాళ్ళు ఎత్తని పైపు లేదు, వాళ్ళ పేరు రాసిన పైపూ లేదు. దాలయ్య నన్ను కొనేముందు తుప్పు చూడలేదు. సన్న గొలుసు నాలుగు బారలు లాగి, చెవి నా వీపుకు ఆనించి నాలుక చప్పుడు విన్నాడు.

"బతికే ఉన్నాది," అన్నాడు పక్కనున్న బావమరిదితో.

"బతికున్నా నీలాగే ఉన్నాది బావా, పైన పటారం లేదు," అన్నాడు ఆ బావమరిది. అతనే జోగారావు. దాలయ్య భార్య దమయంతికి తమ్ముడు. నా సన్న గొలుసు ఆనాటి నుంచి ఎక్కువగా అతని చేతుల్లోనే ఉంది.

పనులు లేని నెలల్లో నన్ను దాలయ్య తన తోటలో, బావి పక్క పాకలో వేలాడదీసేవాడు. జీడిచెట్లు, మధ్య మధ్య కొబ్బరిచెట్లు. దాలయ్య తాత ఇసుక మోసి, పేడ మోసి నిలబెట్టిన నేల. సముద్రం దగ్గర, గాలిలో ఉప్పుంటుంది. నూనె తాగని ఇనుము అక్కడ ఏడాది తిరక్కుండా పొరలు పొరలుగా లేచిపోతుంది. అందుకని దమయంతి జుట్టుకు రాసుకునే కొబ్బరినూనెలో నాకూ వాటా ఉండేది. తోటలో కాయలు, గానుగలో ఆడించిన నూనె. సాయంత్రాలు దాలయ్య గుడ్డ ముక్క ముంచి నా గొలుసు కన్ను కన్నుకూ రాసేవాడు. కంపెనీ గ్రీజు ఎప్పుడూ అంత మెత్తగా తగల్లేదు. నా బతుకులో నన్ను ఎవరైనా ముద్దు చేశారంటే అదే.

ఇరవై ఏళ్ళు ఒకరి కింద పనిచేశాక దాలయ్యకు సొంతంగా మేస్త్రీ కావాలనిపించింది. అందులో తప్పేముంది. ఖగేశ్వరరావు పనిస్తానన్నాడు. హిమాలయాల్లో కరెంటు తయారుచేసే చిన్న ప్రాజెక్టు. కొండ పైనుంచి నీళ్ళు దించే పైపులు ఏటవాలులో ఒకదాని కింద ఒకటి కూర్చోబెట్టాలి. ఒక్కో పైపు నాలుగు టన్నులు. షరతు ఒక్కటే. మేస్త్రీ చేతి తప్పు వల్ల పైపు పాడైతే నష్టం మేస్త్రీదే, దానికి పూచీగా తోట కాగితాలు తన దగ్గర పెట్టాలి. దాలయ్య ఆ కాగితాన్ని కూడబలుక్కుంటూ రెండుసార్లు చదివాడు. అర్థమైంది. అర్థమయ్యే సంతకం పెట్టాడు.

"ఇరవయ్యేళ్ళలో పైపు పడీసినానేటి నాను," అని దమయంతికి ధైర్యం చెప్పాడు. ఆమె సామాన్లు సర్దుతూ మూటలో కొబ్బరినూనె సీసా ఒకటి పెట్టింది.

కొండ మీద మొదటి వారం మనుషులకు తలనొప్పి, వాంతులు. అన్నం ఎంత ఉడికించినా పలుకుగానే ఉండేది. అంత ఎత్తుకు వచ్చినవాళ్ళను కొన్నాళ్ళు ఊరికే ఉంచి ఆ గాలికి అలవాటు పడనివ్వాలట. ఇంజనీరు నేగీ ఆ సంగతి చెప్పాడు. అక్కడి కొండ మనిషి, నెమ్మదస్తుడు. ఖగేశ్వరరావు ఫోన్‌లో, "ఊరికే ఉంచడానికి తీసుకెళ్ళానా," అన్నాడు. రెండో రోజే మొదలుపెట్టారు.

మైదానంలో మావాళ్ళు నా గొలుసు లాగితే పాట నడిచేది. ఎత్తమనడానికి 'అబీస్', దించమనడానికి 'ఆరియా'. ఓడరేవుల నుంచి వచ్చిన మాటలు. ఏ భాషవో వాళ్ళెవరికీ తెలియదు, వాళ్ళ ఎముకలకు తెలుసు. మేస్త్రీ అబీస్ అంటే జోగారావు ఒక్క ఊపిరికి పదిబారలు లాగేవాడు. కొండ మీద ఒక ఊపిరికి రెండు బారలు. ఆ తరువాత గొలుసు చేతిలో పట్టుకుని, నోరు తెరిచి, గాలి కోసం నిలబడాలి.

"బావా, ఇక్కడ గాలి కూడా మన ఖగేశ్వరావే సప్లై సేసినాడేటి? సగమే దింపినాడు," అన్నాడు జోగారావు.

"మాటలకి ఊపిరి ఉన్నాది గాని పనికి నేదేటిరా నీకు."

"మాటలు ఊరి నుంచి తెచ్చుకున్నాను. ఊపిరే ఇక్కడ కొనుక్కోవాల."

నవ్వడానికి కూడా వాళ్ళకు ఊపిరి చాలేది కాదు. ముక్కుతో నవ్వేవాళ్ళు. అలాగే పద్నాలుగు పైపులు కూర్చోబెట్టారు. అతను ఊపిరి కోసం ఆగిన ప్రతిసారీ నాలుగు టన్నులూ నా నాలుక మీద నిలబడేవి. మైదానంలో నేను మనిషికి తోడు. ఇక్కడ మనిషి ఆగే ప్రతి రెండు బారలకూ నేనే ఆధారం. గర్వపడ్డానని ఒప్పుకోవాలి.

సెప్టెంబరు వచ్చింది. పొద్దుటిపూట బకెట్లలో నీళ్ళ మీద మంచుపెంకు కట్టడం మొదలైంది. నా గొలుసు ఎండిపోయి కీచుమంటోంది. దాలయ్య నూనె డబ్బా కోసం ఆరోసారి ఫోన్ చేసింది అప్పుడే. ఆ జవాబు మీకు చెప్పాను. ఈలోగా విశ్వకర్మ పూజ వచ్చింది. ఆ రోజు రిగ్గర్లు పనిముట్లన్నిటికీ సెలవిచ్చి, కడిగి, బొట్టుపెట్టి, నూనె రాస్తారు. ఆ పూట నూనె తగలని పనిముట్టు ఏడాదంతా అలిగి ఉంటుందని వాళ్ళ నమ్మకం. ఎండెక్కాక దాలయ్య దమయంతి పెట్టిన సీసా బయటికి తీశాడు. లోపల నూనె వెన్నముద్దలా గట్టిపడి ఉంది. స్టవ్వు మీద నీళ్ళలో పెట్టి కరిగించి, వెచ్చగా ఉండగానే నాకు పోశాడు. గొలుసులకు, కొక్కేలకు, నా వీపు మీది సందులో నుంచి కడుపులోకి. నాకు తోట గుర్తొచ్చింది. అంత చలిలో ఆ వెచ్చదనం నాలుక మొదలు దాకా దిగింది. నేను వద్దనలేదు. అనడానికి నోరుంటే కూడా అనేదాన్ని కాదేమో.

"బావా, ఇది రేత్రికి మళ్ళీ పేరుకుపోదేటి?" అన్నాడు జోగారావు.

"రేపు పొద్దున్న తుడిచీస్తాన్రా. పూజ నాడు పొడిగా ఒదిలేత్తామేటి దీన్ని?"

మర్నాడు పొద్దున్న అన్నమాట ప్రకారం తుడిచాడు. గొలుసు కన్ను కన్నూ తుడిచాడు, కొక్కేలు తుడిచాడు. కడుపు విప్పాలంటే నాలుగు బోల్టులు తియ్యాలి, చలికి వేళ్ళు వంగడం లేదు. పైగా వారం తిరిగేలోగా మూడు పైపులు అవ్వాలని ఖగేశ్వరరావు అప్పుడే ఫోన్ చేశాడు. దాలయ్య ఎప్పటిలాగే సన్న గొలుసు లాగి, చెవి ఆనించాడు. టిక్కులు పడ్డాయి. చాలనుకున్నాడు. నిజానికి అవి కొంచెం మెత్తగా పడ్డాయి. ఆ మెత్తదనం నాకు తెలిసింది.

పదిహేనో పైపు. ముక్కాలి స్తంభం నుంచి నేను వేలాడుతున్నాను. పైపును ట్రాలీ మీద నుంచి నడుమెత్తు లేపారు, ట్రాలీని పక్కకు లాగేశారు. పైపు కూర్చోవలసిన సిమెంటు దిమ్మ పక్కన, గుంటలో ఇద్దరు ఒడియా వెల్డర్లు కొలత చూస్తున్నారు. ఇంకో రెండు వేళ్ళు లేస్తే కొలత సరిపోతుంది.

"అబీస్," అన్నాడు దాలయ్య.

జోగారావు రెండు బారలు లాగాడు. ఒక్కో పన్ను పైకి నెట్టినప్పుడల్లా, రాత్రి నుంచీ మూలల్లో తెల్లగా పేరుకున్న నూనె కొంచెం కొంచెంగా నా నాలుక మడమ కిందికి చేరింది. ఆఖరి పన్ను నాలుకను పైకి లేపింది. నాలుక ఆ ముద్దలో అంటుకుని అక్కడే ఉండిపోయింది. కిందికి పడలేదు. టిక్కు లేదు. జోగారావు ఊపిరి కోసం ఆగాడు.

నాలుగు టన్నులు నా లోపలి నుంచి వెనక్కి పరుగెత్తాయి. సన్న గొలుసు అతని చేతుల్లోంచి పైకి దూకడం మొదలుపెట్టింది.

"ఒదిలీరా జోగీ, ఒదిలీ," అని అరిచాడు దాలయ్య.

అతను వదల్లేదు. గుంటలో మనుషుల్ని చూశాడు. రెండు చేతులతో గొలుసు బిగించి, కాళ్ళు ముక్కాలికి తన్నిపెట్టి, వెనక్కి వాలాడు. ఒక మనిషి నాలుగు టన్నుల్ని ఆపలేడు. కాని కొంచెం నెమ్మది చెయ్యగలడు. ఆ నెమ్మదిలో వెల్డర్లిద్దరూ గుంట దాటి పక్కకు దూకారు. అప్పటికి గొలుసుతోపాటు అతని కుడిచెయ్యి నా చక్రం దాకా వచ్చేసింది. మూడు వేళ్ళు నేను తీసుకున్నాను. ఈ మాట ఇంతకంటే మెత్తగా చెప్పడం నాకు రాదు.

పైపు దిమ్మ అంచు మీద పడి, ఒరిగి, ఏటవాలున దొర్లుకుంటూ వెళ్ళి కింద వాగులో బండకు తగిలింది. మూతి చదునుగా అణిగిపోయింది. జోగారావును జీపులో ఆసుపత్రికి దించారు. అందరూ వెళ్ళాక దాలయ్య నా నాలుగు బోల్టులూ విప్పాడు. లోపల నాలుక పైకెత్తి ఉంది, దాని మడమ కింద తెల్లటి ముద్ద. వేలితో తీసి చూశాడు. వేడి తగిలి అది అతని వేలి మీద కరిగి మళ్ళీ నూనె అయింది. వాసన చూశాడు. అతను ఏడుస్తాడనుకున్నాను. మూత మళ్ళీ బిగించి, నన్ను గోనెసంచిలో చుట్టి, స్టోరులో తన మంచం కింద పెట్టుకున్నాడు.

మూడో రోజున ఖగేశ్వరరావు పైకొచ్చాడు. అన్ని నెలల్లో అదే మొదటిసారి. మెట్లు ఎక్కి వచ్చేసరికి పెదాలు నీలంగా ఉన్నాయి. చేతిలో ఒక ఫోను, రెండో చేతిలో ఆక్సిజన్ డబ్బా. రెండు మాటలకొకసారి ఆ డబ్బా మూతి పీలుస్తూ మంచం మీద కూర్చున్నాడు. నేను సరిగ్గా అతని కింద ఉన్నాను.

"చూడు దాలయ్యా. రేపు నేగీ ఎంక్వయిరీ రాస్తాడు. నువ్వొక్క ముక్క చెప్పు చాలు. జోగారావు చేతి గొలుసు వదిలేశాడని. కూలివాడి పొరపాటైతే పైపు నష్టం కంపెనీ భరిస్తుంది. నీ తోట కాగితాలు నీకిచ్చేస్తాను."

"మరి ఆడి సేతి ఏళ్ళకి?"

"సొంత పొరపాటుకు నష్టపరిహారం రాదు కదా. మనమే ఏదో చేద్దాంలే."

"ఆడు ఒదల్లేదు బాబూ," అన్నాడు దాలయ్య. "ఒదిలీసుంటే ఆడి ఏళ్ళు ఆడికుండును."

ఖగేశ్వరరావు డబ్బా పీల్చాడు. "అది నాకూ తెలుసు. రాసేదానికి అదంతా ఎందుకు? మేస్త్రీ తప్పని రాస్తే తోట పోతుంది. ఆలోచించుకో. వాడు నీ బావమరిదే కదా, కాదంటాడా?"

జోగారావు కాదనలేదు. అదే సాయంత్రం ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. దాలయ్య స్పీకరు పెట్టి మంచం మీద ఉంచాడు.

"బావా, ఖగేశ్వరావు పొద్దున్న ఇటొచ్చి ఎల్లినాడు. నా పేరే రాయించీ. ఏళ్ళు ఎలగూ పోనాయి, తిరిగొస్తాయేటి? తోట ఎందుకు పోవాల? అప్ప ఏటైపోద్ది?"

"నువ్వు పడుకోరా."

"నాను నవ్వులాటకి సెప్పట్లేదు బావా."

"నీకు మాటలు ఎక్కువ, ఊపిరి తక్కువ. పడుకో."

ఆ తరువాత దాలయ్య ఇంటికి ఫోన్ చేశాడు. ఏం జరిగిందో, ఎలా జరిగిందో దాచకుండా చెప్పాడు. దమయంతి, "నూనె నానే కదా ఎట్టినాను," అంది.

"నువ్వు ఎట్టినావు. పోసినోణ్ణి నాను."

"మరి ఏటి సేస్తావు?"

"ఏటి సెయ్యమంటావు?"

"ఆడు నా తమ్ముడు. నన్నడుగుతావేటి?" అని ఫోన్ పెట్టేసింది.

మర్నాడు దాలయ్య నన్ను గోనెసంచితోనే భుజాన వేసుకుని నేగీ ఆఫీసుకు వెళ్ళాడు. రెండుచోట్ల ఆగి ఊపిరి పీల్చుకున్నాడు. నన్ను బల్ల మీద దించి, నాలుగు బోల్టులు విప్పి, మూత తీశాడు. ఖగేశ్వరరావు కూడా అక్కడే కూర్చుని ఉన్నాడు. దాలయ్య హిందీ అంతంతమాత్రం. వేలు లోపల పెట్టి ఆ తెల్లటి ముద్ద చూపించి, తన గుండె మీద చెయ్యి వేసుకుని, "గల్తీ మేరా హై సాబ్," అని తప్పు తన మీద వేసుకున్నాడు. ఆ తరువాత జోగారావు గొలుసు పట్టుకున్నట్టు రెండు పిడికిళ్ళు బిగించి, వెనక్కి వాలి, అలాగే నిలబడ్డాడు. "వో నహీ ఛోడా," అన్నాడు, వాడు వదల్లేదని. ఎంతసేపు అలా నిలబడ్డాడో. నేగీ లేచి వచ్చి అతని చేతులు కిందికి దించాడు.

నూనె డబ్బా పంపలేదని దాలయ్య చెప్పలేదు. ఆరు ఫోన్ల సంగతీ చెప్పలేదు. అడిగితే చెప్పేవాడు, ఎవరూ అడగలేదు. తనకు తప్పని తెలిసిన ఒక్క పని గురించి చెప్పి ఊరుకున్నాడు. నాకు కోపం వచ్చింది. ఇప్పటికీ ఉంది. కాని ఆ నూనె పోసేటప్పుడు సుఖపడింది నేను. పొద్దున్న టిక్కు మెత్తగా పడిందని తెలిసింది కూడా నాకే.

వాళ్ళు నన్ను మళ్ళీ పనికి పెట్టలేదు. మూత లేకుండా, కడుపు బయటికి కనిపించేలా ట్రెయినింగ్ గది గోడకు తగిలించారు. కింద బోర్డు మీద హిందీలో రాసి ఉంది. చలిలో వాడకూడని నూనె వల్ల నాలుక అంటుకుపోయింది, మేస్త్రీ అజాగ్రత్త. కొత్తగా వచ్చిన వాళ్ళను వరసగా నిలబెట్టి నన్ను చూపిస్తారు. వాళ్ళు తలలూపుతారు. నోరు తెరిచి గాలి పీలుస్తుంటారు. జోగారావుకు నష్టపరిహారం మంజూరైందని వాళ్ళలో ఒకరు అంటుండగా విన్నాను. ఎడమచేత్తో కల్లు ముంత బాగానే పట్టుకుంటున్నాడని కూడా అన్నారు.

అంతకు ముందే, ఆ నెలాఖరుకు దాలయ్య లెక్క ముగించుకుని దిగిపోయే రోజు వచ్చింది. కాగితం పెట్టుకుని రాయడానికి ఆ సైటు మొత్తంలో పెద్ద బల్ల ట్రెయినింగ్ గదిలోనే ఉంది. నా కిందికే వచ్చి కూర్చున్నారు, ఖగేశ్వరరావు ఒక పక్క, దాలయ్య ఒక పక్క. దాలయ్య నా వైపు ఒకసారి చూశాడు. నా లావు గొలుసు చివర తుప్పు పడుతోంది. లేచి వచ్చి బొటనవేలితో ఆ చోట రుద్ది, మళ్ళీ వెళ్ళి కూర్చున్నాడు.

ఖగేశ్వరరావు ఆక్సిజన్ డబ్బా పక్కన పెట్టి, పైపు నష్టం కింద తోట తనకు రాసిచ్చే కాగితం పైకి చదివాడు. సర్వే నంబరు, నాలుగు పక్కల హద్దులు. జీడిచెట్లు యాభై రెండు, కొబ్బరిచెట్లు పందొమ్మిది, పాక ఒకటి, బావి ఒకటి. విస్తీర్ణం ఎకరా ఇరవై మూడు సెంట్లు.

"ఇరవై నాలుగు బాబూ," అన్నాడు దాలయ్య.

"కాగితంలో ఇరవై మూడే ఉంది."

"పాత కాగితం రాసినప్పుడు బావి గట్టు కొలవలేదు. అక్కడొక సెంటున్నాది. మా తాత పూడ్చినాడు. రాయండి."

ఖగేశ్వరరావు అతని మొహంలోకి చూశాడు. ఆ తరువాత పెన్ను తీసి మూడు కొట్టేసి, పైన నాలుగు రాశాడు. దాలయ్య కాగితం తన వైపు తిప్పుకుని, వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివి, సరిపోయిందని చూసుకుని సంతకం పెట్టాడు.

ఎకరా ఇరవై నాలుగు సెంట్లు.